మా చేతిలో ఉన్నదానితో ఆడనివ్వండి: వీడియో గేమ్ కంపెనీలకు, టోర్నమెంట్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

పీసీ, కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె) ఆటలు తయారుచేసి మన దేశంలో అమ్ముతున్న కంపెనీల బాధ్యులకు, కాలేజీల్లో, మాల్స్‌లో, ఆన్‌లైన్‌లో ఆ ఆటల పోటీలు పెడుతున్న నిర్వాహకులకు,

నమస్కారం.

కాకినాడలో చిన్న గేమింగ్ కేఫ్ నడుపుతున్నాను. మీ ఆటలు లేకపోతే నా షాపు షట్టర్ లేవదు. ఆ సంగతి మరిచిపోకుండానే ఈ ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాసినవాటికి జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ పెడుతున్నాను.

నా ఫిర్యాదులు రెండు. మొదటిది ఒక కంపెనీ మీద. మా దగ్గరకు వచ్చే ఒక కుర్రాడికి ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి లేదు. బొటనవేలి దగ్గర పన్నెండు బటన్లు ఉండే మౌస్ కొనుక్కున్నాడు. నడవడం, దూకడం, తుపాకీ మార్చడం అన్నీ ఆ బటన్ల మీదికి తెచ్చుకుని ఒంటి చేత్తో చక్కగా ఆడేవాడు. తర్వాత ఒక అప్‌డేట్ వచ్చింది. కొన్ని పనులకు కీలు ఇక మార్చుకునే వీల్లేకుండా బిగించేశారు. సపోర్ట్‌కు రాశాం. కీబోర్డుతో ఇబ్బందిగా ఉంటే కంట్రోలర్, అంటే బటన్లూ స్టిక్‌లూ ఉండే చేతిపరికరం, వాడి చూడమన్నారు. కంట్రోలర్‌కు రెండు చేతులు కావాలండీ అని మళ్లీ రాస్తే, మీ సూచనను సంబంధిత విభాగానికి పంపామని ఒక మెయిల్, ఫిర్యాదు టికెట్ మూసేశామని ఇంకో మెయిల్ వచ్చాయి.

రెండోది ఒక పోటీ నిర్వాహకుల మీద. ఫుట్‌బాల్ గేమ్ టోర్నమెంట్, పీసీ మీద అని పోస్టర్ వేశారు. ఎంట్రీ ఫీజు కట్టించుకున్నారు. హాస్టల్ లాప్‌టాప్‌ల మీద కీబోర్డుతోనే ఆ ఆట నేర్చుకున్న పిల్లలు తుని నుంచి, అమలాపురం నుంచి బస్సెక్కి వచ్చారు. తీరా వచ్చి చూస్తే కన్సోళ్లు పెట్టి ఉన్నాయి. కంట్రోలర్ తప్ప వేరేది కుదరదన్నారు. చాలామంది మొదటి రౌండ్లోనే ఇంటిదారి పట్టారు. ఫీజు తిరిగివ్వమంటే "గేమ్ మారలేదు కదా" అన్నారు. ఆ తర్వాత ఉత్తరాలకూ ఫోన్లకూ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

గేమ్ మారలేదు కదా అన్న ఆ మాట దగ్గరే మీకూ మాకూ పేచీ. చేతిలో పరికరం మారితే గేమ్ మారుతుంది. కీబోర్డు, మౌస్, కంట్రోలర్‌లలో ఏది గొప్పదని మా కేఫ్ పక్కన టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు రాత్రి పదింటిదాకా కొట్టుకుంటారు. ఆ తగువు తీర్చమని మిమ్మల్ని అడగడం లేదు. తేడా ఉందని ఒప్పుకోమంటున్నాను. ఒప్పుకున్నాక దాన్ని దాచకుండా, ఎవరికీ అన్యాయం జరక్కుండా నడుచుకోమంటున్నాను.

తేడా ఎక్కడుందో ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేలా చెబుతాను. మౌస్‌ను ఎంత దూరం జరిపితే తెర మీద చూపు అంత తిరుగుతుంది, చెయ్యి ఆగితే చూపు ఆగుతుంది. కంట్రోలర్ మీద బొటనవేలితో వంచే స్టిక్ అలా కాదు. ఎంత వంచితే అంత వేగంతో చూపు తిరుగుతూనే ఉంటుంది, వదిలిందాకా. వెనక నుంచి ఎవడో కాల్చాడనుకోండి. మౌస్ పట్టినవాడు మణికట్టు ఒక్కసారి విసిరి వెనక్కి తిరుగుతాడు. స్టిక్ పట్టినవాడు దాన్ని చివరిదాకా తోసి, చూపు తిరిగొచ్చేదాకా కాచుకుని, సరిగ్గా శత్రువు దగ్గర వదలాలి. ఇంత పనీ ఒక్క బొటనవేలిదే. మౌస్ వెనకైతే వేళ్లు, మణికట్టు, మోచెయ్యి, భుజం అన్నీ ఉన్నాయి.

నడక దగ్గరకు వచ్చేసరికి తూకం కంట్రోలర్ వైపు తిరుగుతుంది. కీ నొక్కితే ఉంది, వదిలితే లేదు. డబ్ల్యూ, ఏ, ఎస్, డీ నాలుగు కీలతో వచ్చేవి ఎనిమిది దిక్కులే. స్టిక్‌కు అన్ని దిక్కులూ వస్తాయి, కొంచెం వంచితే మెల్లగా నడుస్తాడు. కారు ఆటలో కంట్రోలర్ ముందువైపు ఉండే ట్రిగ్గర్ మీట సగం నొక్కితే సగం యాక్సిలరేటర్. కీబోర్డులో పూర్తిగా తొక్కడమో, పూర్తిగా కాలు తీసేయడమో. అందుకే తుపాకీ ఆటకు మౌస్, ఫుట్‌బాల్‌కూ కార్లకూ కంట్రోలర్ అని జనం మాట. కానీ ఆ మాటకు కట్టుబడి ఆడే స్తోమత అందరికీ ఉండదు. ఇంట్లో ఏది ఉంటే దాంతోనే నేర్చుకుంటారు.

ఈ తేడాను పట్టించుకోకపోతే మామూలు ఆటగాళ్ల మీద పడుతున్న భారం ఇదీ.

1. అమ్మిన ఆట చేతికి అందడం లేదు.

కన్సోల్ కోసం రాసిన ఆటను పీసీకి తెచ్చేటప్పుడు కీబోర్డు, మౌస్ చివరి వారం పనిగా మిగిలిపోతాయి. 2007లో పీసీకి వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4లో మౌస్‌తో గురిపెట్టే వీలే లేదు. తుపాకీ ఆటలో! 2012లో డార్క్ సోల్స్‌ను పీసీకి తెమ్మని అభిమానులు సంతకాలు సేకరించి మరీ అడిగారు. తెచ్చారు. కానీ కీబోర్డు పట్టుకున్నవాడికి కూడా తెర మీద ఎక్స్‌బాక్స్ బటన్ల బొమ్మలే కనిపించాయి. ఏ బొమ్మకు ఏ కీ అని ఎవరికి వారు కాగితం మీద రాసుకోవాల్సి వచ్చింది.

మన దగ్గరి ఉదాహరణలు ఇంకా దగ్గరగా తగులుతాయి. ఈఏ వాళ్ల క్రికెట్ 07ను మన హాస్టళ్లలో ఆడని గది లేదు. ఆ ఆటలో గొప్పగా చెప్పుకున్న కొత్తదనం సెంచురీ స్టిక్, అంటే కుడి స్టిక్ వంచి షాట్ కొట్టడం. మన వాళ్లలో కంట్రోలర్ ఉన్నవాడెవడు? ఏళ్ల తరబడి కీబోర్డు మీదే సిక్సర్లు కొట్టారు, కంపెనీ తయారుచేసిన అసలు బ్యాటింగ్‌ను చూడకుండానే. జీటీఏ వైస్ సిటీలో రిమోట్ హెలికాప్టర్ మిషన్ గుర్తున్నవాళ్లు చేతులెత్తండి. హెలికాప్టర్ కీలు నమ్‌ప్యాడ్ మీద, అంటే కీబోర్డు కుడి చివరి అంకెల కీల మీద. చిన్న లాప్‌టాప్‌కు నమ్‌ప్యాడ్ ఉండదు. కీలు మార్చుకోవచ్చని తెలియక ఆట అక్కడితో వదిలేసినవాళ్లు నాకు ఎందరో తెలుసు.

ఇప్పుడు పరిస్థితి మెరుగే, కాదనను. అయినా మౌస్ కదలికను లోపల స్టిక్ కదలికగా మార్చి ఆటకు అందించే పోర్టులు (కన్సోల్ నుంచి పీసీకి తెచ్చిన ఆటలు) ఇంకా వస్తున్నాయి. పక్కకు ఒక వేగం, పైకి ఒక వేగం, చెయ్యి ఆగినా కొంచెం జారే చూపు. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఆట కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతేనే డబ్బు వాపసు. ఆ రెండు గంటల్లో సగం సెట్టింగ్స్ సరిచేసుకోవడానికే పోతోంది.

2. ఎవరితో పోటీ పడుతున్నామో, ఎంత సాయం ఎవరికి అందుతోందో తెలియడం లేదు.

స్టిక్‌తో గురిపెట్టడం కష్టం కాబట్టి ఆటే కొంత చెయ్యి కలుపుతుంది. దాన్నే ఎయిమ్ అసిస్ట్ అంటారు. 2001లో వచ్చిన హేలో ఈ సాయాన్ని తెలియకుండా అందించే తీరు చూపించి కన్సోల్ తుపాకీ ఆటలకు దారి వేసింది. అందులో తప్పేమీ లేదు. గురి శత్రువు దగ్గరకు రాగానే చూపును కాస్త నెమ్మదింపజేయడం ఒక రకం. శత్రువు పక్కకు పరుగెడుతుంటే చూపు తనంతట తానే అతనితోపాటు కొంత తిరగడం ఇంకో రకం. గొడవంతా ఈ రెండో రకంతోనే. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనిషికి దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆటకు ఆ ఆలస్యం లేదు. దగ్గరి కాల్పుల్లో కంట్రోలర్ వాడు అన్యాయంగా గెలుస్తున్నాడని మౌస్ వాడు, దూరపు కాల్పుల్లో, చుట్టూ తిరగడంలో మౌస్ వాడికి ఎదురు లేదని కంట్రోలర్ వాడు. నిజం చెప్పాలంటే ఇద్దరూ సరిగానే చెబుతున్నారు.

ఈ తగువు నిన్నటిది కాదు. 2007లోనే షాడోరన్ అనే ఆట ఎక్స్‌బాక్స్ 360 వాళ్లనూ విండోస్ విస్టా వాళ్లనూ ఒకే బరిలోకి దింపింది. ఇన్నేళ్లలో మందు కూడా కనిపెట్టారు. హేలో ఇన్ఫినిట్ ర్యాంక్ ఆటల్లో, అంటే గెలుపోటములను బట్టి స్థాయి మారే పోటీల్లో, ఒంటరిగానో జంటగానో ఆడేవాళ్లకు కంట్రోలర్ వరుస వేరు, మౌస్ కీబోర్డు వరుస వేరు, అందరూ కలిసే వరుస వేరు అని మొదట్లోనే పెట్టింది. ఓవర్‌వాచ్ 2021లో పీసీ, కన్సోల్ వాళ్లను కలిపినప్పుడు ర్యాంక్ పోటీలను మాత్రం విడిగా ఉంచింది. పబ్జీ మొబైల్‌లో ఎమ్యులేటర్ (ఫోన్ ఆటను కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని మౌస్‌తో ఆడేవాణ్ని ఎమ్యులేటర్ వాళ్లతోనే కలిపేవారు. ఫోన్ మీద ఆడే కుర్రాడు దాని వల్లే బతికాడు. మరి మిగతా కంపెనీలకు అడ్డేమిటి? విడగొడితే ఆటగాళ్లు చాలక మ్యాచ్ దొరకడానికి ఆలస్యమవుతుందని అంటారు. మన దేశంలో అసలే సర్వర్లలో జనం పలచగా ఉంటారు కాబట్టి ఆ ఇబ్బంది నిజమే. అలాంటప్పుడు కలపండి, కానీ చెప్పి కలపండి. సాయం ఎంతో అంకెల్లో రాయండి. చాలా ఆటల్లో ఆ అంకె కోసం ఆటగాళ్లే వీడియోలు ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ ఆపి లెక్క కడుతున్నారు.

3. చవక సామాను కొనుక్కున్నవాడికే దెబ్బ మీద దెబ్బ.

ఈ పాయింటు కాస్త పొడుగు. రోజూ నా కళ్ల ముందు జరిగేది కాబట్టి ఓపిగ్గా చదవండి.

మా ఊళ్లో ఐదారు వందలకు కీబోర్డు, మౌస్ రెండూ వస్తాయి. ఆ చవక కీబోర్డులో ఒక్కో కీకి ఒక్కో వైరు ఉండదు. అడ్డంగా కొన్ని గీతలు, నిలువుగా కొన్ని గీతలు, అవి కలిసేచోట కీలు. కొన్ని మూడేసి కీలు కలిపి నొక్కితే ఏది నొక్కారో దానికి అంతుపట్టదు. మూడోదాన్ని వదిలేస్తుంది. పరుగెత్తుతూ, పక్కకు జరుగుతూ, దూకబోతే దూకడు. పిల్లవాడు తన చేతివాటం బాగాలేదనుకుంటాడు. ఒకే కీబోర్డు మీద ఇద్దరు కూర్చుని ఆడే ఆటల్లో ఇక చెప్పనక్కర్లేదు, ఒకడు తన కీలు పట్టి ఉంచి రెండోవాడి బంతిని ఆపేయగలడు. (ఈ కిటుకు తెలిసిన అన్నలు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు.) కీలు స్వేచ్ఛగా మార్చుకోనిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. తగవు పడని మూడు కీలు వెతుక్కుంటే సరి. మార్చుకోనివ్వకపోతే కొత్త కీబోర్డు కొనాలి.

కంట్రోలర్ సంగతి. సోనీ, మైక్రోసాఫ్ట్ కంట్రోలర్లు ఐదారు వేలు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీలో వెతికితే పేరూ ఊరూ లేనివి అందులో ఐదో వంతుకు దొరుకుతాయి. వాటిలో పాతరకంవి కంప్యూటర్‌తో డైరెక్ట్ఇన్‌పుట్ అనే పాత పద్ధతిలో మాట్లాడతాయి. ఎక్స్‌బాక్స్ 360 కాలం నుంచి చాలా ఆటలకు ఎక్స్ఇన్‌పుట్ భాషే తెలుసు. ఒక్కో కంట్రోలర్‌కు రెండిటి మధ్య మార్చే మీట ఉంటుంది, ఉన్నట్టు డబ్బా మీద రాసి ఉండదు. ఆటలో కంట్రోలర్ కనిపించకపోతే తండ్రి షాపువాడితో గొడవకు దిగుతాడు, షాపువాడు వాపసు లేదంటాడు. స్టీమ్‌లో ఉన్న అనువాద సౌకర్యం వల్ల చాలావరకు నడిచిపోతోంది. స్టీమ్ బయట కొన్నవాడు ఏం కావాలి?

ఇక డ్రిఫ్ట్. స్టిక్ లోపల రాసుకుంటూ తిరిగే పొటెన్షియోమీటర్ అరిగిపోతే, మీరు ముట్టుకోకపోయినా చూపు తనంతట తాను పక్కకు జారుతుంది. స్విచ్ కన్సోల్ కంట్రోలర్లయిన జాయ్‌కాన్‌ల విషయంలో నింటెండో అధ్యక్షుడు 2020లో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లకు ఈ రాపిడి లేదు, కానీ అందరి దగ్గరా అవి లేవు. ఆటలో డెడ్‌జోన్ అనే ఒక్క సెట్టింగ్ ఉంటే, స్టిక్ మధ్యలోని చిన్న కదలికలను పట్టించుకోవద్దని చెప్పుకుని అరిగిన కంట్రోలర్‌తో ఇంకో ఏడాది నెట్టుకు రావచ్చు. ఆ సెట్టింగ్ పెట్టడానికి మీ ప్రోగ్రామర్‌కు ఎంత సమయం పడుతుంది? పెట్టకపోతే మా దగ్గర ఒక ఇంటికి ఐదు వేల ఖర్చు.

4. మోసం ఏదో, కిటుకు ఏదో గీత గీసి చెప్పడం లేదు.

కన్సోల్‌కు మౌస్ తగిలించి, అది కంట్రోలరేనని యంత్రాన్ని నమ్మించే అడాప్టర్లు బజార్లో ఉన్నాయి. మౌస్ గురి, పైన ఎయిమ్ అసిస్ట్. పెళ్లివారి బంతిలో రెండు విస్తళ్లు వేయించుకున్నట్టు. 2023లో యుబిసాఫ్ట్ రెయిన్‌బో సిక్స్ సీజ్‌లో మౌస్‌ట్రాప్ అనే పహరా పెట్టి, ఇలా ఆడేవాళ్ల కదలికలకు క్రమంగా ఆలస్యం కలిపింది. బాగుంది. అయితే వికలాంగులు కూడా రకరకాల అడాప్టర్ల మీదే ఆధారపడతారు. పహరా పెట్టేటప్పుడు వాళ్లు ఆ వలలో చిక్కుకోకుండా ముందే దారి చూపాలి.

కీబోర్డుల్లోనూ ఇదే వచ్చింది. 2024లో కీబోర్డులు తయారుచేసే రేజర్ కంపెనీ స్నాప్ ట్యాప్ అని తెచ్చింది. ఎడమకు జరిపే ఏ, కుడికి జరిపే డీ రెండూ నొక్కి ఉన్నా చివర నొక్కినదాన్నే కీబోర్డు లెక్కలోకి తీసుకుంటుంది. కౌంటర్ స్ట్రైక్‌లో పక్కకు జరిగేవాడు గురిగా కాల్చాలంటే ఎదురు కీ సరిగ్గా సమయానికి కొట్టి ఆగాలి, ఆ నేర్పు రావడానికి నెలలు పడుతుంది. ఆ పని కీబోర్డే చేసేస్తోంది. ఆ ఆట కంపెనీ వాల్వ్ అదే ఏడాది ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో ఇలాంటి ఆటోమేషన్‌ను నిషేధించి, వాడినవాళ్లను మ్యాచ్ నుంచి బయటికి పంపడం మొదలుపెట్టింది. నచ్చినవాళ్లున్నారు, నచ్చనివాళ్లున్నారు. గీత ఎక్కడుందో మాత్రం అందరికీ తెలిసింది. అంతకన్నా మేం కోరేది లేదు. వేరే ఆటల్లో అదే కీబోర్డుతో ఆడొచ్చా అని పిల్లలు నన్నడిగితే ఏం చెప్పాలో నాకే తెలియడం లేదు. ఆ కీబోర్డు కోసం అప్పటికే కొన్ని వేలు పోశారు మరి.

5. మన పిల్లలకు వచ్చిన విద్యను పక్కన పడేస్తున్నారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇవాళ తుపాకీ ఆట ఆడే కుర్రాళ్లలో ఎక్కువమంది గురిపెట్టడం నేర్చుకున్నది ఫోన్ మీద. పబ్జీ మొబైల్ భారతీయ రూపమైన బీజీఎంఐలో జైరో (ఫోన్ తిరగడాన్ని పసిగట్టే సెన్సర్) ఆన్ చేసి, ఫోన్‌ను చేతుల్లో అటూ ఇటూ వంచుతూ తుపాకీ ఎదురుతన్నును అణిచే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. జైరో స్వభావం మౌస్ స్వభావమే, చెయ్యి ఎంత తిరిగితే చూపు అంత. 2013లో వచ్చిన పీఎస్4 కంట్రోలర్ నుంచీ సోనీ వాటిలో ఆ సెన్సర్ ఉంది. నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్‌లోనూ ఉంది. 2015లోనే స్ప్లాటూన్ జైరోతో గురిపెట్టించింది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లో మాత్రం పెట్టలేదు, అందువల్లనేమో రెండు చోట్లా అమ్మే ఆటల్లో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు. ఎయిమ్ అసిస్ట్ గొడవకు ఇంతకన్నా మంచి మందు లేదని నా అభిప్రాయం. సాయం అక్కర్లేని కంట్రోలర్ గురి ఇది. ఫోన్ నుంచి కన్సోల్‌కు వచ్చే కుర్రాడు బొటనవేలితో మళ్లీ అ ఆ ల నుంచి దిద్దక్కర్లేదు.

పీసీలో జైరోను మౌస్‌గా మార్చి వాడుకునే దారి ఉంది. కానీ ఎడమ చేతి స్టిక్, జైరో మౌస్ కదలిక రెండూ ఒకేసారి వస్తే కొన్ని ఆటలు తికమకపడతాయి. తెర మీద ఒకసారి కీ బొమ్మ, ఒకసారి బటన్ బొమ్మ, మధ్యలో చూపు కుదుపు. ఒకేసారి రెండు పరికరాలు వాడే మనిషి ఉంటాడని ఆట రాసినవాళ్లకు తట్టలేదు.

6. కొందరికి ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు.

పైన చెప్పిన కుర్రాడు ఒక్కడే కాదు. ఎడమచేతివాటం వాళ్లున్నారు, మణికట్టు నొప్పితో నెలపాటు మౌస్ ముట్టొద్దని డాక్టరు చెప్పినవాళ్లున్నారు, బటన్ పట్టి ఉంచలేనివాళ్లున్నారు. మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. రెండు పెద్ద బటన్లు, బయటి స్విచ్‌లు తగిలించుకోవడానికి వెనక 19 చిన్న రంధ్రాలు. సోనీ 2023 డిసెంబరులో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో అరవైకి పైగా ఇలాంటి సెట్టింగ్స్, అన్ని బటన్లూ మార్చుకునే వీలూ ఉన్నాయి. చేతనవుతుందని పెద్దవాళ్లే చూపించాక, చేతకాదనే మాట చెల్లదు.

మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వినోదం గురించి ఒక సెక్షన్, క్రీడల గురించి ఇంకో సెక్షన్ పెట్టింది. అవి నేరుగా మిమ్మల్ని కట్టడి చేసేవి కావు, ప్రభుత్వాలకు చెప్పినవి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధిస్తూ ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో గేమ్ పోటీలను, క్రీడగా గుర్తించింది. క్రీడ అన్నాక పరికరాల నియమం ఉండాలి. క్రికెట్ బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదని నియమాల పుస్తకంలో ఉంది. వీధి క్రికెట్‌లో ఎవరూ కొలవరు, రంజీలో కొలుస్తారు. మా ఈ-స్పోర్ట్స్‌లో బ్యాటు తెచ్చుకోవాలో, వాళ్లే ఇస్తారో మ్యాచ్ రోజు ఉదయం దాకా తెలియదు.

బాగా చేసినవాళ్ల గురించి రెండు ముక్కలు చెప్పకపోతే అన్యాయం. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2ను చూడండి. 2012 నాటి ఆట. కీబోర్డుతో నడపొచ్చు, మౌస్‌తో స్టీరింగ్ తిప్పొచ్చు, కంట్రోలర్, అసలు స్టీరింగ్ చక్రం ఏదైనా సరే. ప్రతిదానికీ విడివిడిగా సున్నితత్వం సరిచేసుకోవచ్చు. మా కేఫ్‌లో కీబోర్డుతో ఆడే ఆర్టీసీ డ్రైవరు గారొకరున్నారు, డ్యూటీ దిగాక కూడా లారీ తోలడానికి వస్తారాయన. రాజ్యం కట్టి సైన్యాన్ని నడిపే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 మౌస్ లేకుండా ఊహించలేని ఆట. 2023 జనవరిలో ఎక్స్‌బాక్స్‌కు తెచ్చినప్పుడు గ్రామస్తులకు పనులు వాటంతటవే పంచే పద్ధతి కొత్తగా తయారుచేశారు. కంట్రోలర్‌కు మౌస్ వేషం వేసి వదిలేయలేదు, కంట్రోలర్ పట్టుకున్నవాడి వైపు నుంచి ఆలోచించారు. మేం అడిగే శ్రద్ధ ఆ పాటిదే.

కంపెనీలను అడుగుతున్నవి:

1. ఆ కుర్రాడి టికెట్ మళ్లీ తెరిచి, బిగించిన కీలు విడిచిపెట్టాలి. అది ఏ ఆటన్నది ఆ కంపెనీకి తెలుసు.

2. ఆటలో ప్రతి పనికీ కీ, మౌస్ బటన్, కంట్రోలర్ బటన్ మార్చుకునే వీలుండాలి. మెనూలతో సహా. పట్టి ఉంచాల్సిన చోట ఒకసారి నొక్కితే చాలు అనే ఎంపిక ఉండాలి. ఈ మార్పులు యంత్రంలో కాకుండా ఖాతాలో దాచాలి, కేఫ్‌లో నిన్న ఒక సీటు, ఇవాళ ఇంకో సీటు దొరికే పిల్లలు రోజూ మొదటి నుంచీ సరిచేసుకోలేరు.

3. కీబోర్డు, మౌస్, కంట్రోలర్ ఒకేసారి పనిచేయాలి. తెర మీద ఏ బొమ్మలు కనిపించాలో ఆటగాడే ఎంచుకోవాలి.

4. డెడ్‌జోన్, స్టిక్ స్పందన, మౌస్ కదలికను మార్చకుండా నేరుగా తీసుకునే సెట్టింగ్స్ అన్ని ఆటల్లో ఉండాలి. సెన్సర్ ఉన్న కంట్రోలర్లకు జైరో ఉండాలి.

5. ఎయిమ్ అసిస్ట్ ఎంత బలంగా, ఎంత దూరం నుంచి పనిచేస్తుందో అంకెల్లో ప్రకటించాలి. మార్చిన ప్రతిసారీ అప్‌డేట్ వివరాల్లో రాయాలి. ర్యాంక్ ఆటల్లో పరికరాన్ని బట్టి వేరు వరుసలు పెట్టాలి. జనం చాలక కలపాల్సి వస్తే ఎదుటివాడి చేతిలో ఏముందో చిన్న గుర్తుతో చూపాలి.

6. అమ్మే పేజీలోనే, డబ్బు కట్టకముందే, ఈ ఆట దేనితో పూర్తిగా ఆడొచ్చు, దేనితో కొంతవరకే ఆడొచ్చు అన్నది రాయాలి. కంట్రోలర్ గురించి స్టీమ్‌లో ఇప్పటికే రాస్తున్నారు. మౌస్, కీబోర్డు గురించి కూడా అంతే స్పష్టంగా కావాలి.

నిర్వాహకులను అడుగుతున్నవి ఇంతకన్నా తక్కువ, డబ్బు ఖర్చు కూడా తక్కువ:

1. పోస్టర్‌లోనే యంత్రం ఏది, పరికరం ఏది, సొంతది తెచ్చుకోవచ్చా, అడాప్టర్లు, స్నాప్ ట్యాప్ లాంటివి చెల్లుతాయా అన్నది రాయాలి. ఫీజు తీసుకున్నాక మార్చకూడదు. మార్చక తప్పకపోతే అడిగిన ప్రతివాడికీ ఫీజు తిరిగివ్వాలి. ఆ ఫుట్‌బాల్ పోటీకి వచ్చిన పిల్లలతోనే మొదలుపెట్టండి.

2. ఆడబోయే పరికరం అలవాటు చేసుకోవడానికి మ్యాచ్‌కు ముందు ప్రతి ఆటగాడికీ కనీసం పది నిమిషాలు ఇవ్వాలి. కీలు మార్చుకోవడానికి పట్టే సమయం అందులో కలపొద్దు.

3. వికలాంగ ఆటగాళ్లు తమకు కావలసిన పరికరానికి ముందే అనుమతి అడిగే పద్ధతి, జవాబు చెప్పే మనిషి ఉండాలి. కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా ఇవ్వాలి.

పరికరాలు పక్కపక్కన పెట్టి తేడా చూడాలనుకునే ఏ కంపెనీ ప్రతినిధికైనా, ఏ నిర్వాహకుడికైనా మా కేఫ్ తెరిచే ఉంటుంది. ఐదు వందల కీబోర్డు, అరిగిన కంట్రోలర్ రెండూ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. గంట ఆడి చూడండి, డబ్బులివ్వక్కర్లేదు.

ఇట్లు,
ఒక గేమింగ్ కేఫ్ నిర్వాహకుడు,
కాకినాడ.